సున్నా మార్కుల వార్డు

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆదిశేషయ్యకి లంచం అలవాటు కాలేదు, తాగుడు అలవాటు కాలేదు, చివరికి మధ్యాహ్నం కునుకు కూడా అలవాటు కాలేదు. ఆయనకున్న వ్యసనం ఒక్కటే. పైవాళ్ళు ఒక గడి నింపమంటే ఈయన ఆరు గడులు గీసి పంపుతాడు.

ఒకసారి జిల్లా ఆఫీసు వాళ్ళు మీ దగ్గర బకెట్లు ఎన్ని అని అడిగారు. పద్దెనిమిది అని రాసి పంపితే పోయేది. ఆదిశేషయ్య వాటిని రంగుల వారీగా, పిడి ఉన్నవి, పిడి ఊడినవి, పిడి ఉండీ ఊడటానికి సిద్ధంగా ఉన్నవి అని విడగొట్టి నాలుగు పేజీల పట్టిక పంపాడు. మెచ్చుకోలు లేఖ వచ్చింది. దానికి లామినేషన్ చేయించి కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నాడు. బకెట్లు మాత్రం కొత్తవి రాలేదు. పిడి ఊడిన వాటిని ముసలివాళ్ళు ఇప్పటికీ చంకన పెట్టుకునే మోస్తున్నారు.

గుండ్లవాగు ప్రభుత్వ వృద్ధుల నిలయానికి ఆయన సూపరింటెండెంటు. ముప్పై ఎనిమిది మంది ముసలివాళ్ళు, ఉత్తరం వార్డు, దక్షిణం వార్డు, రెంటికీ మధ్య వరండా, ఒక వంటమనిషి, సువార్తమ్మ అనే ఆయా. ఇదీ ఆయన రాజ్యం. రిటైర్మెంటు ఐదు నెలల్లో ఉంది. నోరు మూసుకుని కూర్చుంటే పూలదండ వేసి సాగనంపుతారు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని వాళ్ళమ్మ చెప్తుండేది. అందులో రెండోది వయసుతో పాటు దానంతటదే వచ్చింది గాని, మొదటిది ఆయనకి పట్టుబడలేదు.

అలాంటి సమయంలో సర్క్యులర్ వచ్చింది. వేరే జిల్లాలో ఒక వృద్ధుల నిలయంలో, ఒకప్పుడు జైలుకెళ్ళొచ్చిన ఒకాయన పక్క మంచం మనిషిని చెంబుతో తలమీద మోదాడట. ఆ పక్క మంచం మనిషి కోలుకోవడానికి నెల పట్టిందట. బాధాకరమైన సంగతే, భయపడాల్సిన సంగతే. కదల్లేనివాళ్ళని ఎవరి పక్కన పడుకోబెడుతున్నామో చూసుకోవద్దా అని పత్రికలు కూడా అడిగాయి. అందుకని పైవాళ్ళు ఒక కాగితం పంపి, ఒకే ఒక్క గడి ఇచ్చారు. నేరచరిత్ర కలిగిన నివాసితుల సంఖ్య.

రాష్ట్రంలో మిగతా సూపరింటెండెంట్లంతా ఆ గడిలో 'నిల్' అని రాసి భోజనానికి లేచి ఉంటారు. ఆదిశేషయ్యకి అలా రాయడానికి మనసొప్పలేదు. పైగా ఆయన దగ్గర నిజంగానే ఒకడున్నాడు.

అతని పేరు చెంచురామయ్య. డెబ్భై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళ కిందట పొలం గట్టు తగాదాలో పలుగు తీసి దాయాదిని కొట్టాడు. మనిషి పోయాడు. పద్నాలుగేళ్ళు జైల్లో ఉన్నాడు, అందులో పదకొండేళ్ళు జైలు ఆసుపత్రిలో రోగులకి సేవ చేశాడు. బయటికొచ్చాక కూలి చేసుకుని బతికి, ఒంట్లో ఓపిక తగ్గాక ఇక్కడ చేరాడు. అతని పక్క మంచం మస్తానుది. మస్తాను దర్జీ. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. మింగడం కష్టం. అన్నం మెత్తగా పిసికి చారు పోసి, బాగున్న ఎడమ దౌడ వైపు చెంచా పెట్టి, గుటక పడిందో లేదో గొంతు చూసి, అప్పుడు రెండో చెంచా పెట్టాలి. పూటకి గంట పడుతుంది. ఐదేళ్ళుగా ఆ పని చెంచురామయ్యదే. ఎవరూ పురమాయించలేదు.

కాబట్టి ఆ గడిలో 'ఒకరు' అని రాయాలి. ఆదిశేషయ్య కలం తీశాడు. ఒక్క మాట రాసి పంపితే ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉన్న అధికారికి, నిన్న చేరిన గుమాస్తాకి తేడా ఏముంటుంది అనిపించింది. స్కేలు అందుకున్నాడు.

సాయంత్రానికి ఇరవై ప్రశ్నల ఫారం తయారైంది. పేరు 'నేర స్వభావ సూచిక'. వంద మార్కులు. ఎప్పుడైనా పోలీసు స్టేషన్‌లో అడుగుపెట్టారా, ఐదు మార్కులు. కోర్టు మెట్లెక్కారా, పది. జైలుకెళ్ళారా, ఇరవై. పదునైన వస్తువు వాడిన అనుభవం ఉందా, కోపంలో చెయ్యెత్తారా, ఇలా సాగుతుంది. ఇరవయ్యో ప్రశ్న, పై సమాధానాలన్నీ నిజమేనా. అవునంటే నాలుగు మార్కులు తీసేస్తారు. నిజాయితీకి ప్రోత్సాహం ఉండాలి కదా అని ఆ ఏర్పాటు. చివర ఒక సూత్రం కూడా పెట్టాడు. మనిషి చరిత్రకొచ్చిన మార్కుల్ని అతను చేసిన పని తీవ్రతతో గుణిస్తే ముప్పు వస్తుంది. ఫారాల్లో కూడికలు ఎవరైనా పెడతారు, గుణకారం పెట్టినవాడు శాఖలో ఇంతవరకు లేడు. ఆ రాత్రి ఆదిశేషయ్య హాయిగా నిద్రపోయాడు. కొరివితో తల గోక్కున్నవాడికి కూడా మొదట్లో వెచ్చగానే ఉంటుంది.

మర్నాడు ఫారాలు నింపే కార్యక్రమం పెట్టాడు. మొదట హనుమాయమ్మ వచ్చింది.

"స్టేషన్‌కెప్పుడైనా వెళ్ళావామ్మా?"

"ఎందుకు పోలా. మా గేదె తప్పిపోతే పొయ్యా."

"ఐదు మార్కులు."

"గేదె పోతే స్టేషన్ కాడికి పోక పెళ్ళి కాడికి పోతారా ఏంది సారూ? పైగా అది దొరకలా."

గేదె దొరకలేదన్న సంగతికి గడి లేదు. కత్తిపీట వాడిన అనుభవం ఉందని ఇంకో నాలుగు మార్కులు పడ్డాయి. ఆ లెక్కన వంట తెలిసిన ఆడవాళ్ళంతా నాలుగు మార్కులతోనే మొదలయ్యారు. ఉపాధ్యాయుల సమ్మెలో మూడు రోజులు లోపలున్న రామనాథం మాస్టారికి ముప్పై ఒకటి వచ్చాయి. ఇంకా ఎక్కువ రావాలే అని ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. సాయమ్మ సారా కొట్టు మీద పడి కుండలు పగలగొట్టిన కథ మొత్తం చెప్పి నలభై తీసుకుని వెళ్ళింది. చెంచురామయ్య అన్నిటికీ అవునన్నాడు. ఇరవయ్యో ప్రశ్నకి కూడా అవునన్నాడు. తొంభై ఆరు.

మస్తాను మంచం దగ్గరికి వెళ్ళి ఆదిశేషయ్యే ప్రశ్నలన్నీ చదివాడు. మస్తాను కళ్ళార్పకుండా విన్నాడు.

"ఆయన దర్జీ గదా సారూ, బతుకంతా కత్తెరే పట్టుకున్నాడు. నాలుగు ఎయ్యండి," అంది సువార్తమ్మ.

"తనంతట తను చెప్పాలి. మనం వేస్తే చెల్లదు," అన్నాడు ఆదిశేషయ్య. ఇరవై గడుల్లోనూ 'సమాధానం లేదు' అని రాశాడు. మొత్తం సున్నా.

రెండో సున్నా పరాంకుశం గారిది. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు, తనకి సరితూగే మనిషి దొరకలేదని ఆయనే చెప్తాడు. ఉతికిన పంచె, జేబులో అడుగు పొడవు స్టీలు స్కేలు. "నేను పోలీసు స్టేషన్ నీడ కూడా తొక్కలేదయ్యా. కత్తి పట్టలేదు, హోటల్లోనే తిన్నాను. చెయ్యెత్తి ఎరగను," అన్నాడు. ఇరవయ్యో ప్రశ్నకి నాలుగు తీసేస్తే సున్నా కంటే కిందికి వెళ్తుందని, సున్నా దగ్గరే ఆపారు. ఆ ఫారం నకలు ఒకటి సంతకంతో ఇప్పించుకుని గుడ్డసంచిలో దాచుకున్నాడు.

ఇక మిగిలింది ఆదిశేషయ్య సొంత ఫారం. సిబ్బంది కూడా నింపాలని ఉత్సాహంలో తనే రాశాడు. మొదటి ప్రశ్న దగ్గర కలం ఆగింది. ఇరవై రెండేళ్ళప్పుడు ఆయన ఉద్యోగం పరీక్షకి టికెట్టు లేకుండా రైలెక్కి దొరికిపోయాడు. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. జరిమానా కట్టడానికి జేబులో ఏమీ లేక మూడు రోజులు జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు, నేరచరిత్ర అన్న గడిలో 'లేదు' అని రాశాడు. ఆయన జీవితంలో క్లుప్తంగా నింపిన గడి అదొక్కటే. భార్యకి కూడా ఈ సంగతి తెలియదు. ఇప్పుడు బయటపడితే ఐదు నెలల్లో రావాల్సిన పూలదండ సంగతి అలా ఉంచి, పెన్షనే ప్రశ్నార్థకం అవుతుంది. ఆ ఫారాన్ని ఖాళీగానే మడిచి ఫైళ్ళ అడుగున పెట్టాడు.

మిగతా ఫారాలన్నీ పైకి పంపిన వారం తిరక్కుండా డిప్యూటీ డైరెక్టరు కాత్యాయని గారు స్వయంగా వచ్చారు. ఆవిడ మామూలుగా మాట్లాడినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

"ఆదిశేషయ్య గారూ, మీ సూచిక శాస్త్రీయం, సమగ్రం, అనుసరణీయం. దీనిని తక్షణమే ప్రయోగాత్మకంగా ఈ నిలయమందే అమలుపరచి, ఫలితములను బట్టి రాష్ట్రమంతటికీ విస్తరింపజేయుటకు పై స్థాయిలో సూత్రప్రాయంగా అంగీకారం కుదిరినది."

ఆదిశేషయ్యకి నేల మీద కాలు ఆనలేదు. చిన్న సందేహం మాత్రం అడిగాడు.

"యాభై మార్కులు దాటినవాళ్ళని ఎర్ర కార్డు కింద వేరు చేద్దామని రాశాను మేడం. అలా చూస్తే ఒక్కడే వస్తాడు."

"యాభయ్యా? ప్రాణభద్రత విషయమున లేశమాత్రపు ముప్పునైనా ఉపేక్షించరాదు. ఒక్క మార్కు వచ్చినా ఎరుపే."

ఆ ఒక్క మాటతో ముప్పై ఆరుగురు ఎర్రబడ్డారు. ఎర్ర కార్డుల వాళ్ళంతా ఉత్తరం వార్డుకి, సున్నా వచ్చినవాళ్ళు దక్షిణం వార్డుకి అన్నారు. ఉత్తరం వార్డులో పద్దెనిమిది మంచాలు. ముప్పై ఆరుగురినీ సర్దేసరికి మంచానికి ఇద్దరయ్యారు. ఇరవై మంచాల దక్షిణం వార్డులో పరాంకుశం గారు, మస్తాను, ఇద్దరే మిగిలారు. వరండా మధ్యలో పసుపు రంగు గీత గీయించారు. ఎర్ర కార్డు మెడలో ఉన్నవాళ్ళు ఆ గీత దాటరాదు. ఆవరణలో అడుగుపెట్టు ప్రతి వ్యక్తీ, అధికారులతో సహా, ఫారం నింపవలెను. ఎర్ర కార్డు కలవారు భద్రతా సంబంధమైన ఉత్తర్వులు జారీ చేయుటకు అనర్హులు. ఈ రెండూ ఆవిడ చెప్తుంటే ఆదిశేషయ్యే రాసుకున్నాడు, రాస్తూ రెండో వాక్యం దగ్గర ఒకసారి దగ్గాడు.

సువార్తమ్మకి కూడా ఎరుపే వచ్చింది. తాగొచ్చి కొట్టిన మొగుడి మీద కేసు పెట్టడానికి ఒకసారి స్టేషన్‌కెళ్ళిందట. కానీ వార్డు ఊడవాలి కాబట్టి, చేతిలో తడిగుడ్డ ఉన్నంతసేపు గీత దాటవచ్చని ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు.

"మరి మస్తాను అన్నం సంగతి?" అని గీతకి అవతల నుంచి చెంచురామయ్య అడిగాడు.

పరాంకుశం గారు ముందుకొచ్చారు. ఆయనకి అప్పటికే 'భద్రతా మిత్ర' అన్న బిరుదు, మెడలో ఒక ఈల వచ్చాయి. "ఎంత పెట్టాలో అంత, ఏ టైముకి పెట్టాలో ఆ టైముకి నేను పెడతాను," అన్నారు. డిప్యూటీ డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. రాష్ట్రంలోకెల్లా సురక్షితమైన వార్డు అని ఫోటో తీయించారు. ఫోటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే మస్తాను ఒక్కడే గీత వైపు చూస్తున్నాడు.

నాలుగు రోజుల తర్వాత సువార్తమ్మ ఆఫీసుగదిలోకొచ్చింది.

"సారూ, మస్తాను తినటల్లా. గిన్నె అట్టానే తిరిగొస్తా ఉంది."

"పరాంకుశం గారు రోజూ సంతకం చేస్తున్నారుగా, పెట్టాను అని."

"పెడతన్నాడు. పది నిమిషాల్లో తినాలంట. గుటక పడకపోతే ఏళ్ళ మీద ఆ స్కేలు బద్దతో కొడతన్నాడు. ఎడమ చెయ్యి చూడండి, కమిలిపోయుండాది. బాగున్న చెయ్యి అదొక్కటే గదా."

ఆదిశేషయ్య అలవాటు ప్రకారం ఘటనా నివేదిక ఫారం తీశాడు. అదీ ఆయన తయారుచేసిందే. మొదటి గడిలో కొట్టినవారి మార్కులు వేయాలి. సున్నా వేశాడు. రెండో గడిలో తీవ్రత. పదికి పది వేశాడు. సున్నాని పదితో గుణించాడు.

"ముప్పు సున్నా వస్తోందమ్మా," అన్నాడు.

"చేతి మీద వాతలుండాయి సారూ," అంది సువార్తమ్మ మళ్ళీ, చిన్నపిల్లలకి చెప్పినట్టు నిదానంగా.

"నువ్వు చెప్పేది అబద్ధమని కాదు. సూత్రంలోకి ఎక్కడం లేదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే చెవులకి చేదుగా తగిలింది. అయినా ఫారం ఫైల్లో పెట్టాడు. తను కట్టిన గోడ కూలుతుంటే మేస్త్రీ ముందు ఇటుకని తిడతాడు, తర్వాత సున్నాన్ని తిడతాడు, తనవరకు రావడానికి టైం పడుతుంది.

రెండు రోజులకి ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి తడిగుడ్డ చేతిలోనే ఉంది, లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడింది.

"రేపోమాపో పోయేటట్టుండాడు సారూ. మీరొకసారి కళ్ళతో చూడండి. గడి అక్కర్లా, కళ్ళు చాలు."

మధ్యాహ్నం భోజనాలప్పుడు ఆదిశేషయ్య వరండాలోకి వెళ్ళాడు. గీతకి ఇవతల చెంచురామయ్య కింద కూర్చుని ఉన్నాడు, మెడలో ఎర్ర కార్డు, పక్కన తన కంచం ముట్టకుండా. వారం రోజులుగా అతను అన్నం అక్కడే పెట్టుకుని, అవతల గిన్నె తీసేశాక తింటున్నాడని వంటమనిషి చెప్పింది. దక్షిణం వార్డు తలుపు తీసే ఉంది. పరాంకుశం గారు గడియారం చూసుకుంటూ చెంచా కుక్కుతున్నారు, అది కూడా పడిపోయిన కుడివైపు దౌడలోకి. మెతుకులు మెడ మీదికి జారుతున్నాయి. "కొలత ప్రకారం మింగు," అన్నారు ఆయన. మస్తాను ఎడమ చెయ్యెత్తి అడ్డం పెట్టుకున్నాడు. స్కేలు ఆ వేళ్ళ మీద పడింది. చప్పుడు వరండా దాకా వినిపించింది. మాట పోయిన గొంతు నుంచి ఒక మూలుగు వచ్చింది.

ఆదిశేషయ్య కాళ్ళు కదల్లేదు. ఇది నా ఫారం, ఇది నా గీత, ఈ తలుపు నేనే తీసి పెట్టించాను అన్నంతవరకే ఆలోచన సాగింది. ఆయన నిలబడ్డ చోటే నిలబడి ఉండగా చెంచురామయ్య లేచి గీత దాటాడు. పరుగెత్తలేదు, అరవలేదు. పరాంకుశం గారి చేతిలోంచి స్కేలు తీసి కిటికీలో పెట్టాడు. చెంచా తీసుకున్నాడు. మంచం అంచున కూర్చుని, మస్తాను మెడ మీది మెతుకులు తువ్వాలుతో తుడిచాడు.

"ఒరే మస్తానూ, నేనురా. నోరు తెరువు," అన్నాడు.

పరాంకుశం గారు ఈల ఊదారు. ఆ తర్వాత నేరుగా డిప్యూటీ డైరెక్టరు గారికి ఫోన్ చేశారు.

మర్నాడు పదకొండు గంటలకి ఆఫీసుగదిలో విచారణ. కాత్యాయని గారు ఆదిశేషయ్య కుర్చీలో, ఆ లామినేషన్ లేఖ కింద కూర్చున్నారు. చెంచురామయ్య గుమ్మం బయట, కార్డు సరిచేసుకుంటూ నిలబడ్డాడు. సువార్తమ్మ తడిగుడ్డ పట్టుకుని వచ్చింది.

"చేతిలోని వస్తువు లాక్కొనుట. తీవ్రత ఎంత?" అన్నారు ఆవిడ.

"ఒకటి మేడం. దెబ్బ తగల్లేదు."

"తొంభై ఆరుని ఒకటితో గుణించిన తొంభై ఆరు. ప్రాణాంతకము. పరాంకుశం గారిపై ఆరోపణ?"

"పది. గుణిస్తే సున్నా."

"అనగా ఆ ఘటన జరిగినదనుటకు ఆస్కారమే లేదు. ఇతనిని నేటినుండి నిలయమునుండి బహిష్కరించుటకు ఉత్తర్వు సిద్ధం చేయండి. సంతకం మీది."

"నేను చూశాను మేడం. ఆయన కొట్టడం నా కళ్ళతో చూశాను," అన్నాడు ఆదిశేషయ్య.

"మీ కళ్ళకు గడి ఎక్కడుందో చూపండి."

లేదు. ఇరవై ప్రశ్నలు, ఘటనా నివేదికలో పద్నాలుగు గడులు, ఒక గుణకారం, ఒక పసుపు గీత. చూసినవాడికి మాత్రం చోటు పెట్టలేదు. తన బుర్రకి తనే ఒక మెచ్చుకోలు లేఖ రాసుకోవాలనిపించింది.

గుమ్మం దగ్గర్నుంచి చెంచురామయ్య గొంతు సవరించుకున్నాడు.

"నన్ను పంపిచ్చెయ్యండి తల్లీ, నేనేం అనుకోను. నేను చేసిన తప్పు పెద్దదే, భయపడ్డోళ్ళని తప్పు పట్టను. పంపితే మాత్రం జైలుకే పంపండి, ఆ మస్తాన్ని కూడా నాతో పంపండి. ఆడయితే మంచాన పడ్డోడికి తోడు ఒక ఖైదీని ఇస్తారు. ఎవురిని ఇవ్వాల్నో జైలరు పది రోజులు ఎనకాల నిలబడి చూసి గాని ఇవ్వడు."

బహిష్కరణ ఉత్తర్వు కాగితం ఆదిశేషయ్య ముందుంది. సంతకం పెడితే చెంచురామయ్య రోడ్డు మీద ఉంటాడు, మస్తాను ఆ స్కేలు కింద వారం కూడా బతకడు, తను ఐదు నెలల్లో పూలదండతో ఇంటికెళ్తాడు. కలం మూత తీశాడు. ఉత్తర్వు పక్కకి జరిపి, ఫైళ్ళ అడుగు నుంచి మడిచిన ఫారం బయటికి లాగాడు. అక్కడే నిలబడి నింపాడు. స్టేషన్ ఐదు, కోర్టు పది, జైలు ఇరవై.

"ముప్పై ఐదు వచ్చింది మేడం. నిజాయితీకి నాలుగు తీసేస్తే ముప్పై ఒకటి. ఎర్ర కార్డు నేను. నిబంధన ప్రకారం సంతకానికి అనర్హుణ్ణి."

ఆవిడ ఆ ఫారం రెండుసార్లు చదివారు. ముఖం మారింది. "ఇది ఉద్యోగంలో చేరునాడు దాచిన విషయం. దీని పర్యవసానములు మీకు తెలుసునా?"

"తెలుసు మేడం. ఆ ఫైలు కూడా నేనే తయారుచేసి పంపుతాను."

"అటులైన ఉత్తర్వుపై నేనే సంతకం చేసెదను."

"అలాగే మేడం. ముందు మీ ఫారం. అధికారులతో సహా అని మీరే రాయించారు." ఒక ఖాళీ ఫారం ఆవిడ ముందు పెట్టాడు. ఇందులో కుట్ర ఏమీ లేదు, ముప్పై నాలుగేళ్ళ అలవాటు మాత్రమే. ఎవరు కనపడినా ముందు ఫారం ఇస్తాడు.

కాత్యాయని గారు చిరాగ్గా కలం తీసి మొదటి ప్రశ్న చదివారు. పోలీసు స్టేషన్‌లో అడుగుపెట్టారా. కలం కాగితానికి అంగుళం పైన ఆగిపోయింది.

"పాసుపోర్టు తనిఖీ నిమిత్తము వెళ్ళుట ఇందులోకి వచ్చునా?" అన్నారు కొంత తగ్గి.

"గేదె నిమిత్తం వెళ్ళినదే వచ్చింది మేడం," అంది సువార్తమ్మ. ఆవిడ భాష అంటుకుందేమో, లేక కావాలనే అందో తెలియదు.

డిప్యూటీ డైరెక్టరు గారు కలానికి మూత పెట్టారు. సూచికలో సాంకేతిక లోపములు దొర్లినందున పునఃపరిశీలన జరుగువరకు అమలు నిలిపివేయడమైనది అని నోటితోనే చెప్పి, కాగితం మీద పెట్టకుండా జీపెక్కారు. ఖాళీ ఫారం మాత్రం మడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్ళారు.

అమలు ఆగింది గాని పరాంకుశం గారు ఆగలేదు. ఆయన కిటికీలోంచి స్కేలు తీసుకుని జేబులో పెట్టుకోవడం ఆదిశేషయ్య చూశాడు. ఈసారి కాళ్ళు కదిలాయి. వెళ్ళి ఆ స్కేలు అడిగి తీసుకున్నాడు, ఆయన మంచాన్ని ఆఫీసుగది పక్కకి వేయించాడు, వంటమనిషిని అక్కడ కాపలా కూర్చోబెట్టాడు. తర్వాత సువార్తమ్మని వెంటబెట్టుకుని టౌను పోలీసు స్టేషన్‌కి నడిచాడు.

అక్కడ రైటరు కాగితం ముందుకి లాక్కున్నాడు. విషయం విన్నాడు. "మీ మీద ఏమన్నా కేసులుండాయా గతంలో?" అన్నాడు మాటవరసకి.

"ఉంది. టికెట్టు లేకుండా రైలెక్కి మూడు రోజులు జైల్లో ఉన్నాను." ఆ మాట బయటికి చెప్పడం ముప్పై ఆరేళ్ళలో రెండోసారి, రెండుసార్లూ ఆ రోజే. ఎదుటివాడి ముఖంలో ఏం మారుతుందోనని చూశాడు.

రైటరు ముఖంలో ఏమీ మారలేదు. "ఊరకే అడిగాలెండి, దానికి ఈడ గడి లేదు. కొట్టిందెవరు, దెబ్బ యాడ తగిలింది, చూసిందెవరు. ఇంతే."

మూడే ప్రశ్నలు. ఆదిశేషయ్య ఆ కాగితాన్ని కాస్త అసూయగా చూశాడు. మొదటి రెండూ చెప్పాడు. మూడోదానికి సువార్తమ్మ నోరు తెరవబోయింది.

"నేనే. చూసింది నేనే. ఇంతకుముందు ఈమె రెండుసార్లు చెప్తే వినలేదు, అది కూడా రాయండి," అన్నాడు.

సాయంత్రం కానిస్టేబుల్ వచ్చి పరాంకుశం గారిని స్టేషన్‌కి పిలుచుకెళ్ళాడు. ఆయన గుడ్డసంచిలోంచి సున్నా మార్కుల నకలు తీసి చూపించారట. వాళ్ళు పక్కన పెట్టమన్నారట. స్టేషన్‌లో అడుగుపెట్టినందుకు తనకీ ఐదు మార్కులు పడ్డాయేమోనన్న బెంగే ఆయనకి కేసు కంటే ఎక్కువ పట్టుకుందని తర్వాత తెలిసింది.

మరుసటి రోజు వరండాలో సువార్తమ్మ, ఆదిశేషయ్య కిరసనాయిలు గుడ్డలు పెట్టి పసుపు గీత తుడవడానికి కూర్చున్నారు. ఎంత రుద్దినా పోలేదు.

"ఇన్నేళ్ళలో నాసిరకం కాని సామాను ఇదొక్కటే తెచ్చారు సారూ," అంది ఆమె.

మధ్యాహ్నానికి చేతులు కడుక్కుని ఆదిశేషయ్య దక్షిణం వార్డులోకి వెళ్ళాడు. చెంచురామయ్య అన్నం పిసుకుతున్నాడు. మస్తాను ఎడమ చేతికి కట్టు ఉంది. జైలు సంగతి రాసిన పెన్షన్ ఫైలు ఆ ఉదయమే తపాలాలో వెళ్ళింది, దాని సంగతి ఏమవుతుందో తెలియదు. మంచం దగ్గర ఊరికే నిలబడ్డాడు.

చెంచురామయ్య కొంచెం జరిగి చోటిచ్చాడు. చెంచా ఆయన చేతికిచ్చాడు.

"నేను లేనప్పుడు ఎవురో ఒకరు పెట్టాల గదా, నేర్చుకోండి. ఎడం దౌడ వైపు. గుటక పడిందాకా ఆగాల."

ఆదిశేషయ్య చెంచా పట్టుకున్నాడు. చెంచా ఒరిగి చారు రెండు చుక్కలు దుప్పటి మీద పడ్డాయి. మస్తాను ముందు ఆ చెయ్యి చూశాడు, తర్వాత ఆయన ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. వెనక చెంచురామయ్య నిలబడి, జైలరు లాగా గమనిస్తున్నాడు.

అప్పుడు మస్తాను నోరు తెరిచాడు.